అమెరికా చిన్న కాలేజీల పురుషుల బాస్కెట్‌బాల్: ఆటగాళ్ల వేట, కాన్ఫరెన్సుల బలాబలాలు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అనగానే మార్చి నెల టోర్నమెంటు, కిక్కిరిసిన స్టేడియాలు, భారీ టీవీ ఒప్పందాలు గుర్తొస్తాయి. అదంతా మొదటి డివిజన్. జాతీయ కాలేజీ క్రీడా సంఘం, అంటే ఎన్‌సీఏఏ, మూడో డివిజన్‌లో అంతకన్నా ఎక్కువ కాలేజీలు పురుషుల జట్లను నడుపుతున్నాయి. వాటి సంఖ్య 400 దాటుతుంది. వీటిలో చాలావరకు చిన్న ఊళ్లలో, కొద్ది వేలమందికి మించని విద్యార్థులతో నడిచే ప్రైవేటు కాలేజీలు. ఆట పేరుతో ఆటగాడికి ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది ఇక్కడి మూల నియమం. రిక్రూటింగ్ పద్ధతి, జట్టు కూర్పు, కాన్ఫరెన్సుల మధ్య హెచ్చుతగ్గులు అన్నీ ఈ ఒక్క నియమం నుంచే పుట్టాయి. కొత్త సీజన్‌లో ఏ జట్టు పైకి వస్తుందో చెప్పాలన్నా, కొత్తగా ఎవరు చేరారన్నదానికన్నా పాతవాళ్లలో ఎంతమంది నిలిచారన్నదే ముందు చూడాలి. ఈ డివిజన్ 50 ఏళ్ల చరిత్ర ఆ మాటకు గట్టి సాక్ష్యం.

పుట్టుక

బాస్కెట్‌బాల్‌ను జేమ్స్ నైస్మిత్ 1891లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రూపొందించాడు. రెండు విద్యాసంస్థల మధ్య జరిగిన తొలి ఆటగా చరిత్రకారులు సాధారణంగా చెప్పేది 1895 ఫిబ్రవరి 9న మిన్నెసోటాలో హామ్లిన్ కాలేజీకీ, అక్కడి వ్యవసాయ పాఠశాలకూ జరిగిన పోటీ. ఒక్కో జట్టుకు 9 మంది ఆడారు. వ్యవసాయ పాఠశాల 9–3తో గెలిచింది. ఆనాటి హామ్లిన్ ఈనాటికీ సెయింట్ పాల్ నగరంలో చిన్న కాలేజీగానే ఉంది, మూడో డివిజన్‌లోనే ఆడుతోంది. అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ మొదలైందే చిన్న కాలేజీల్లో. పెద్ద విశ్వవిద్యాలయాల వైభవం ఆ తర్వాతి కథ.

ఎన్‌సీఏఏ 1950ల్లో పెద్ద సంస్థలను, చిన్న కాలేజీలను రెండు వర్గాలుగా విడదీసింది. 1973లో మూడు డివిజన్లు చేసింది. మొదటిదాంట్లో పూర్తి స్కాలర్‌షిప్‌లు, రెండోదాంట్లో పరిమితంగా, మూడోదాంట్లో అసలు ఉండవు. మూడో డివిజన్ తొలి పురుషుల టోర్నమెంటు 1975లో జరిగింది. మెంఫిస్‌లోని లెమోయిన్-ఓవెన్ అనే నల్లజాతి కాలేజీ విజేత. దీనికి సమాంతరంగా ఎన్‌ఏఐఏ అనే మరో సంఘం 1937 నుంచీ చిన్న కాలేజీలకు, ఎక్కువ ఏళ్లు కాన్సాస్ సిటీలో, టోర్నమెంటు నడుపుతూ వచ్చింది. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. అందువల్ల ఒకే ఊళ్లోని రెండు చిన్న కాలేజీలు ఒకే కుర్రాడి కోసం పోటీపడుతూ, రెండు వేర్వేరు నియమావళుల కింద పనిచేయడం మామూలే.

ఆటకు డబ్బు లేని చోట

స్కాలర్‌షిప్ లేదంటే సాయమే లేదని కాదు. మూడో డివిజన్ ఆటగాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక ఆర్థిక సహాయం అందుతుంది. అది కుటుంబ ఆదాయాన్ని బట్టో, మార్కులను బట్టో వస్తుంది. ఎంత ఇవ్వాలన్న నిర్ణయంలో కోచ్ మాట చెల్లదు. ఆటగాళ్లకు ఇచ్చిన సాయమూ మిగతా విద్యార్థులకు ఇచ్చిన సాయమూ ఒకే తీరులో ఉన్నాయో లేదో ఎన్‌సీఏఏ ఏటా లెక్కలు తెప్పించుకుని చూస్తుంది. తేడా కనిపిస్తే కాలేజీ సంజాయిషీ చెప్పుకోవాలి.

ఫలితంగా ఇక్కడ కోచ్‌కు ఇద్దరు భాగస్వాములు ఉంటారు: ప్రవేశాల కార్యాలయం, ఆర్థిక సహాయ కార్యాలయం. కుర్రాడి షూటింగ్ చూసి ముచ్చటపడ్డా, మార్కులు చాలకపోతే మొదటి తలుపు తెరుచుకోదు. మార్కులు చాలినా, తల్లిదండ్రుల జేబు సరిపోకపోతే రెండో తలుపు దగ్గర కథ ఆగిపోతుంది. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చదువు, వసతి, భోజనం కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. బొత్తిగా డబ్బు లేని ఇంటి పిల్లవాడికి ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ వంటి సంపన్న కాలేజీలు దాదాపు మొత్తం భరిస్తాయి. విలియమ్స్ 2022 నుంచి రుణాలు కూడా లేకుండా సాయమంతా గ్రాంటుగానే ఇస్తోంది. బాగా డబ్బున్న ఇంటికి ఫీజు సమస్యే కాదు. నలిగేది మధ్యతరగతి. ఇద్దరు ఉద్యోగస్తులు, ఇల్లు వాయిదాలు, ఇంకో పిల్ల చదువు ఉన్న ఇంట్లో లెక్క కుదరక, మంచి ఆటగాడు పొరుగున ఉన్న రెండో డివిజన్ కాలేజీకి వెళ్లిపోతాడు. చిన్న కాలేజీ కోచ్‌లు ఏటా ఆటగాళ్లను ఎక్కువగా పోగొట్టుకునేది ఈ దగ్గరే.

అంత సంపద లేని కాలేజీల తీరు వేరు. అవి ప్రకటించే ఫీజు ఒకటి, వాస్తవంగా వసూలు చేసేది మరొకటి. అమెరికా ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు సగటున సగానికి పైగా తగ్గింపు ఇస్తున్నాయి. తగ్గింపు ఇచ్చినా గది నిండితే కాలేజీకి లాభమే. అందుకే ఇలాంటి చోట యాజమాన్యం కోచ్‌కు ఏటా ఇంతమందిని తేవాలని సంఖ్య నిర్ణయిస్తుంది. కోర్టు మీద ఆడేది ఐదుగురే అయినా జట్టు జాబితాలో 25, 30 మంది ఉంటారు. రెండో వరస జట్టు ఒకటి పెట్టి వాళ్లకు విడిగా ఆటలు ఏర్పాటు చేస్తారు. నాకు ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. నాలుగేళ్లు ఫీజు కట్టి బెంచీ మీద కూర్చోబోయే కుర్రాడికి ఆ సంగతి చేరకముందే చెప్పాలి. నిజాయితీ గల కోచ్‌లు చెబుతారు. అందరూ చెప్పరు.

ఒక గార్డు, రెండు వేసవులు

రిక్రూటింగ్ ఎలా సాగుతుందో దగ్గరనుంచి చూడాలంటే ఒక మాదిరి కుర్రాణ్ని తీసుకోవచ్చు. ఆరడుగుల ఒక అంగుళం పొడవు, గార్డు, మూడు పాయింట్ల గీత బయటినుంచి నమ్మకంగా వేస్తాడు, మార్కులు బాగుంటాయి. పదకొండో తరగతిలో ఉన్నాడు. మొదటి డివిజన్ కోచ్‌లు వచ్చి చూసి, కాళ్లలో వేగం చాలదని నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లిపోయారు. రెండో డివిజన్ నుంచి ఒకటి రెండు ఫోన్లు వచ్చి ఆగాయి.

మూడో డివిజన్ నియమాలు కోచ్‌కు ఎక్కువ స్వేచ్ఛనిస్తాయి. ఫోన్లకు, సందేశాలకు పెద్దగా ఆంక్షల్లేవు. పదో తరగతి పూర్తయ్యాక కోచ్ క్యాంపస్ బయట కుర్రాణ్ని, తల్లిదండ్రులను కలిసి మాట్లాడవచ్చు. పదకొండో తరగతి జనవరి నుంచి కాలేజీ ఖర్చుతో ఒకసారి క్యాంపస్‌కు పిలిపించవచ్చు. ఈ గార్డు తన ఆటల వీడియో పంపితే, బాగా చదివించే కాలేజీ నుంచి వచ్చే మొదటి జవాబులో ఆట ప్రస్తావన తక్కువ. మార్కుల జాబితా పంపు, ఏ సబ్జెక్టులు తీసుకున్నావో రాయి, పరీక్ష స్కోరు ఉంటే జతచెయ్యి అని ఉంటుంది. కోచ్ ముందు అవి చూసి, ప్రయత్నించడంలో అర్థం ఉందో లేదో తేల్చుకుంటాడు. ఆ తర్వాతే వేసవి టోర్నమెంట్లకు వచ్చి చూస్తాడు.

జులై నెల కీలకం. ఒక పెద్ద హాల్లో పక్కపక్కనే ఎనిమిది, పది కోర్టులు, ఉదయం నుంచి రాత్రిదాకా ఆటలు. మొదటి డివిజన్ కోచ్‌లు గోడవారగా ఒక వరసలో కూర్చుంటే, చిన్న కాలేజీల కోచ్‌లు చివరి కోర్టుల దగ్గర నిలబడతారు. వాళ్లు స్కోరుకన్నా చూసేవి వేరే ఉన్నాయి: ఆటలోంచి బయటకు తీశాక కుర్రాడు బెంచీ మీద ఎలా కూర్చున్నాడు, తప్పు పాస్ ఇచ్చిన సహచరుడితో ఏమన్నాడు, ఆట అయ్యాక తండ్రి అరుస్తుంటే ఎలా విన్నాడు. స్కాలర్‌షిప్ కట్టిపడేయని చోట ఆటగాడు ఏ రోజైనా ఆట మానేసి చదువుకోవచ్చు, సాయం ఏమీ తగ్గదు. కాబట్టి వాడు ఇష్టంతో నాలుగేళ్లు ఉండే రకమా అన్నదే కోచ్‌కు అసలు ప్రశ్న.

ఆ వేసవిలోనే ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లాండ్ ప్రాంతపు కాలేజీలు కుర్రాడి ఫైలును ప్రవేశాల కార్యాలయానికి ముందస్తుగా చూపిస్తాయి. అక్కడివాళ్లు ఫర్వాలేదు అంటే కోచ్ మద్దతు ప్రకటిస్తాడు. బదులుగా కుర్రాడు నవంబర్‌లో ‘ఎర్లీ డెసిషన్’ కింద ఆ ఒక్క కాలేజీకే దరఖాస్తు పెట్టాలి. సీటొస్తే చేరి తీరాలి. డిసెంబర్ మధ్యలో ఫలితం వస్తుంది. మన స్పోర్ట్స్ కోటాలాగా సర్టిఫికెట్ల ఆధారంగా సీట్లిచ్చే పద్ధతి ఇక్కడ లేదు. కోచ్ మద్దతు బరువైన సిఫారసు మాత్రమే. సంతకం పెడితే కట్టుబడే ఒప్పందం కూడా లేదు. ఫొటోల కోసం ఒక కాగితం మీద సంతకం చేయించే ఆచారం ఉంది, దానికి చట్టబద్ధమైన విలువ లేదు.

డిసెంబర్‌లో ఖాళీలు మిగిలిన జట్లకు రెండో విడత జనవరిలో, ఆ తర్వాత మామూలు ప్రవేశాలు వసంతంలో. మే 1కి సీటు ఖాయం చేసుకోవాలి. 2023–24లో కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయ దరఖాస్తు పత్రాన్ని మార్చడం, అది డిసెంబర్ చివరిదాకా అందుబాటులోకి రాకపోవడం, వచ్చాక సాంకేతిక లోపాలు బయటపడడంతో ఈ క్యాలెండర్ అంతా తలకిందులైంది. ఏ కాలేజీ ఎంత ఇస్తుందో ఏప్రిల్ దాటినా తెలియక వేలాది కుటుంబాలు ఎదురుచూశాయి. ఆ ఏడాది చిన్న కాలేజీల కోచ్‌లకు కూడా తమ జట్టులోకి ఎవరు వస్తారో వేసవి దాకా తేలలేదు.

మరీ పెద్ద పేరున్న కాలేజీల్లో ఆటగాళ్లకు ఎన్ని సీట్లు అన్నది ఎప్పుడూ వివాదమే. జేమ్స్ షుల్మన్, విలియం బోవెన్ 2001లో వెలువరించిన ‘ది గేమ్ ఆఫ్ లైఫ్’ ఈ చర్చకు నిప్పు పెట్టింది. ఆట కోసం చేర్చుకున్న విద్యార్థులకు ప్రవేశాల్లో స్పష్టమైన మొగ్గు ఉంటోందని, చేరాక వాళ్ల మార్కులు అంచనాకన్నా తగ్గుతున్నాయని ఆ పుస్తకం లెక్కలతో చూపింది. బోవెన్, సారా లెవిన్‌తో కలిసి 2003లో రెండో పుస్తకం తెచ్చాడు. ఆ చర్చ తర్వాత న్యూ ఇంగ్లాండ్ కాలేజీలు కోచ్‌లు మద్దతివ్వగల ఆటగాళ్ల సంఖ్యకు పరిమితులు బిగించాయి. రిక్రూటింగ్ నాణ్యతంతా ఆ కొద్ది సీట్లను ఎవరి మీద ఖర్చు పెట్టాలన్న విచక్షణలోకి వచ్చి చేరింది.

కాన్ఫరెన్సులు

ఒక ప్రాంతంలో ఒకే తరహా కాలేజీలు కలిసి ఏర్పరచుకున్న లీగునే కాన్ఫరెన్స్ అంటారు. అన్నిటికీ ఒకే నియమావళి ఉన్నా, వాటి బలాలు ఒక్కటి కావు. కారణం ఎక్కువగా డబ్బే.

విస్కాన్సిన్ కాన్ఫరెన్స్‌ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1913లో మొదలైన ఈ లీగులో ఉన్నవన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు: వైట్‌వాటర్, ప్లాట్‌విల్, స్టీవెన్స్ పాయింట్, ఓష్‌కోష్, లా క్రాస్, ఓ క్లేర్, స్టౌట్, రివర్ ఫాల్స్. సొంత రాష్ట్రపు పిల్లలకు ఫీజు ప్రైవేటు కాలేజీతో పోలిస్తే చాలా తక్కువ. విద్యార్థుల సంఖ్య ఎక్కువ. ప్రవేశ ప్రమాణాలు మరీ కఠినం కావు. హైస్కూలు బాస్కెట్‌బాల్ అంటే ఊరంతా కదిలే రాష్ట్రం అది. మొదటి డివిజన్ తీసుకోని ఆటగాడు ఇంటికి దగ్గరలో, తక్కువ ఫీజుతో చదువుతూ ఆడగలడు. 1975 నుంచి 2025 వరకు జరిగిన 49 టోర్నమెంట్లలో 13 టైటిళ్లు ఈ ఒక్క కాన్ఫరెన్స్‌కే దక్కాయి. వైట్‌వాటర్, ప్లాట్‌విల్, స్టీవెన్స్ పాయింట్ తలా నాలుగు, ఓష్‌కోష్ ఒకటి. ప్లాట్‌విల్ నాలుగూ బో రయన్ కోచ్‌గా ఉన్న రోజుల్లోనివే: 1991, 1995, 1998, 1999. వీటిలో రెండు సీజన్లలో జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. అదే రయన్ తర్వాత విస్కాన్సిన్ ప్రధాన విశ్వవిద్యాలయాన్ని 2014, 2015లలో మొదటి డివిజన్ ఆఖరి నాలుగు జట్లలోకి తీసుకెళ్లాడు. ఓపికగా బంతి తిప్పుతూ, తప్పులు తగ్గించి ఆడే అతని పద్ధతి చిన్న కాలేజీలో పదును దేలిందే.

న్యూ ఇంగ్లాండ్ చిన్న కాలేజీల కాన్ఫరెన్స్, వాడుకలో నెస్కాక్, దీనికి సరిగ్గా అవతలి ఒడ్డు. 1971లో ఏర్పడిన ఈ లీగులో 11 కాలేజీలు: ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, వెస్లియన్, ట్రినిటీ, టఫ్ట్స్, మిడిల్‌బరీ, హామిల్టన్, కనెటికట్ కాలేజీ, మెయిన్ రాష్ట్రపు బేట్స్, బోడిన్, కోల్బీ. చదువుకే మొదటి పీట అన్న పట్టుదలతో 1993 దాకా జట్లను జాతీయ టోర్నమెంటుకే పంపలేదు. ఇప్పటికీ సాధన మొదలుపెట్టేది మిగతావాళ్లకన్నా ఆలస్యంగానే. ఒక్కో ప్రత్యర్థితో ఒక్కసారే ఆడతారు కాబట్టి లీగు ఆటలు పదే. వరసగా రెండు రోజులు రెండు ఆటలు ఆడే వారాంతాలుంటాయి. జనవరి చలిలో మొదటి రాత్రి ఒక ఊళ్లో ఆడి, బస్సెక్కి మర్నాడు మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఆడాలి. అలాంటి రెండో ఆటలో గెలవాలంటే బెంచీ లోతు కావాలి. పది ఆటల లీగులో ఇలాంటి ఒక్క వారాంతం స్థానాలను తారుమారు చేసేస్తుంది.

విలియమ్స్ 2003లో, ఆమ్‌హర్స్ట్ 2007లో, 2013లో, ట్రినిటీ 2025లో జాతీయ విజేతలయ్యాయి. ఆమ్‌హర్స్ట్ రెండు టైటిళ్లూ డేవ్ హిక్సన్‌వి. తాను చదివిన కాలేజీకే నాలుగు దశాబ్దాలకు పైగా కోచ్‌గా ఉండి 800కు పైగా విజయాలు సాధించాడు. కోచ్ అంతకాలం ఒకేచోట ఉండటమే రిక్రూటింగ్‌లో పెద్ద పెట్టుబడి. హైస్కూలు కోచ్‌లకు అతని మాట మీద గురి కుదురుతుంది. పెన్సిల్వేనియాలో ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీలో 2019 దాకా పనిచేసిన గ్లెన్ రాబిన్సన్ 967 విజయాలతో ఈ డివిజన్‌లో అగ్రస్థానానికి చేరాడు.

యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్ సంగతి తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కార్నెగీ మెలన్, షికాగో, ఎమొరీ, న్యూయార్క్ విశ్వవిద్యాలయం, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, కేస్ వెస్ట్రన్, రాచెస్టర్, బ్రాండైస్ ఇందులో సభ్యులు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకుంది కార్నెగీ మెలన్ ఆచార్యుడిగానే. మన పిల్లలు ఎమ్మెస్ కోసం పేర్లు జపించే ఈ విశ్వవిద్యాలయాలు మూడో డివిజన్‌లో ఆడతాయని మనలో చాలామందికి తెలియదు. షికాగో ఒకప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాల లీగు బిగ్ టెన్‌లో సభ్యురాలు, 1946లో తప్పుకుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం 1971లో పెద్ద స్థాయి బాస్కెట్‌బాల్ ఆపేసి 1983లో మూడో డివిజన్‌లో తిరిగి మొదలుపెట్టింది. ఈ కాన్ఫరెన్స్ 1986లో ఏర్పడింది. బాస్టన్ నుంచి అట్లాంటాకు, సెయింట్ లూయిస్‌కు విమానాల్లో వెళ్లి శుక్రవారం ఒకటి, ఆదివారం ఒకటి ఆడతారు. లీగు చివర టోర్నమెంటు లేదు. ఒక్కో ప్రత్యర్థితో రెండుసార్లు ఆడిన 14 ఆటల్లో అగ్రస్థానం ఎవరిదైతే వాళ్లకే జాతీయ టోర్నమెంటు నేరు ప్రవేశం. ఫిబ్రవరి చివర మూడు రోజులు మెరిసి నెగ్గుకొచ్చే వీలు లేకపోవడంతో, నా దృష్టిలో ఇది దేశంలోకెల్లా న్యాయమైన లీగు పట్టిక.

ఇల్లినాయ్, విస్కాన్సిన్ ప్రైవేటు కాలేజీల లీగు సీసీఐడబ్ల్యూ 1946 నాటిది. నార్త్ పార్క్ ఐదు టైటిళ్లు, అందులో 1978 నుంచి వరసగా మూడు, ఇల్లినాయ్ వెస్లియన్ 1997 టైటిల్ ఈ లీగువే. మిషిగన్ కాన్ఫరెన్స్ 1888లో మొదలై దేశంలోకెల్లా పాతదిగా పేరుపొందింది. దానిలో హోప్, కాల్విన్ కాలేజీల పోటీ చూడడానికి కొన్ని మొదటి డివిజన్ ఆటలకు రానంతమంది జనం వస్తారు. ఇదే లీగుకు చెందిన ఇండియానా కాలేజీ ట్రైన్ 2024లో హాంప్డెన్-సిడ్నీని ఓడించి జాతీయ విజేత అయింది. ఫైనల్ జరిగిన ఫోర్ట్ వేన్ ఆ కాలేజీకి దగ్గరే కాబట్టి అభిమానులు కార్లలో తరలివచ్చారు.

మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో గ్రినెల్ కాలేజీ మాత్రం ఎవరిలాగానూ ఆడదు. కోచ్ డేవిడ్ ఆర్సెనో ఐదుగురిని ఒకేసారి తీసి మరో ఐదుగురిని దించుతూ, కోర్టంతా ఒత్తిడి పెడుతూ, వీలైనన్ని మూడు పాయింట్ల షాట్లు వేయించే పద్ధతి పెట్టాడు. 2012 నవంబర్ 20న జాక్ టేలర్ అనే ఆటగాడు ఫెయిత్ బాప్టిస్ట్ బైబిల్ కాలేజీ మీద ఒక్కడే 138 పాయింట్లు చేశాడు. 108 షాట్లు వేసి 52 పడేశాడు, వాటిలో మూడు పాయింట్ల షాట్లు 71కి 27. ప్రపంచమంతా ఆ అంకె చూసి నోరెళ్లబెట్టింది. రిక్రూటింగ్ కోణంలో చూస్తే ఆ పద్ధతి అసలు ప్రయోజనం మామూలు రోజుల్లో ఉంది: చేరితే ఆడే అవకాశం తప్పక వస్తుందని పదిహేనుమందికి మాటివ్వగల కోచ్ దేశంలో చాలా అరుదు.

సీజన్‌కు ముందు అంచనా

చాలా కాన్ఫరెన్సుల్లో సీజన్ ముందు కోచ్‌లే ఓటు వేసి ఒక వరస ప్రకటిస్తారు. సొంత జట్టుకు ఓటు వేసుకోకూడదన్నది ఆనవాయితీ. ఈ ఓటు ఎక్కువగా నిరుటి పట్టికను కొద్దిగా సవరించినట్టే ఉంటుంది. జాగ్రత్తగా చూసేవాళ్లు మొదట లెక్కించేది తిరిగి వస్తున్న నిమిషాలను. నిరుడు జట్టు మొత్తం ఆడిన నిమిషాల్లో ఎంత శాతం ఆడినవాళ్లు ఈ ఏడూ ఉన్నారన్నది పాయింట్ల సగటుకన్నా నమ్మదగ్గ కొలత.

చరిత్ర తిరగేస్తే ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లాట్‌విల్ 1998, 1999లలో, స్టీవెన్స్ పాయింట్ 2004, 2005లలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2008, 2009లలో వరసగా గెలిచాయి. 2003లో గెలిచిన విలియమ్స్ 2004 ఫైనల్లో ఓడింది, 2007లో గెలిచిన ఆమ్‌హర్స్ట్ 2008 ఫైనల్లో ఓడింది. ట్రినిటీ 2024లో ఆఖరి నాలుగు జట్లలో ఆగిపోయి, 2025 ఫైనల్లో న్యూయార్క్ విశ్వవిద్యాలయాన్ని ఓడించింది. మొదటి డివిజన్‌లో మెరుపులాంటి కుర్రాడు ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏకి వెళ్లిపోతాడు. ఇక్కడ 18 ఏళ్లకు సన్నగా వచ్చినవాడు జిమ్‌లో కండ పెంచుకుని, మూడో ఏట ప్రారంభ ఐదుగురిలోకి వచ్చి, నాలుగో ఏట నాయకుడవుతాడు. అలాంటివాళ్లు ముగ్గురు ఒకే తరగతిలో ఉన్న జట్టుకు రెండేళ్ల వెలుగు ఉంటుంది. వాళ్లు పట్టా పుచ్చుకున్నాక ఒక చీకటి ఏడాది కూడా తప్పదు. కోచ్‌ను తప్పుపట్టేముందు పట్టాల జాబితా చూడాలి.

రెండోది పొడవు. ఏడడుగుల సెంటర్ ఈ స్థాయికి దాదాపు రాడు. ఆరడుగుల ఏడంగుళాలవాడే చాలాచోట్ల సెంటర్. చురుకైన పొడవాటి మనిషి ఒక్కడు కుదిరితే లీగు సమతూకమే మారిపోతుంది. మిగతా జట్లన్నీ బయటినుంచి షాట్లు, గార్డుల వేగం మీద ఆధారపడతాయి. అందుకే ఫలితాల్లో ఒడుదొడుకులు ఎక్కువ.

మూడోది ఆటల జాబితా. జాతీయ టోర్నమెంటులో 64 జట్లకు చోటు. కాన్ఫరెన్స్ విజేతలకు నేరు ప్రవేశం ఉంటుంది, అదే సింహభాగం. మిగిలిన కొద్ది చోట్ల కోసం మిగతా జట్లన్నీ పోటీపడతాయి. 2024–25 నుంచి ఆ ఎంపికకు కమిటీ చర్చల బదులు ఎన్‌పీఐ అనే సూచిక వాడుతున్నారు. గెలుపోటములతో పాటు ప్రత్యర్థి బలాన్నీ ఇది లెక్కలోకి తీసుకుంటుంది. దాంతో కోచ్‌లు నవంబర్, డిసెంబర్‌లలో బలమైన జట్లతో ఆటలు వెతుక్కుంటున్నారు. బలహీనమైన లీగులో అగ్రస్థానంలో ఉన్న జట్టుకు ఇది కష్టకాలం. లీగు టోర్నమెంటు ఫైనల్లో ఒక్క రాత్రి తడబడితే సీజన్ అక్కడితో సరి.

వెళ్లిపోయేవాళ్లు

డంకన్ రాబిన్సన్ పేరు చెప్పకుండా ఈ డివిజన్ గురించి మాట్లాడలేం. న్యూ హాంప్‌షైర్ కుర్రాడు, హైస్కూలు తర్వాత ఫిలిప్స్ ఎక్సెటర్‌లో ఒక అదనపు ఏడాది చదివి 2013లో విలియమ్స్‌లో చేరాడు. మొదటి ఏడాదే జట్టు జాతీయ ఫైనల్‌కు వెళ్లింది. చివరి సెకన్లలో విలియమ్స్ ముందుకు వచ్చింది. వైట్‌వాటర్ ఆటగాడు బంతిని కోర్టు పొడవునా తీసుకెళ్లి, గంట మోగడానికి సెకను కూడా లేని సమయంలో బుట్టలో వేశాడు. స్కోరు 75–73. ఆ వేసవిలో విలియమ్స్ కోచ్ వేరే కాలేజీకి వెళ్లాడు. రాబిన్సన్ మిషిగన్‌కు మారి, నిబంధన ప్రకారం ఒక ఏడాది కూర్చుని, 2018లో మొదటి డివిజన్ ఫైనల్ ఆడాడు. జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అయినా మయామీ తరఫున 2020లో ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడాడు, 2021లో ఐదేళ్లకు 90 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు.

భారతీయ మూలాలున్న వరుణ్ రామ్ కూడా ఈ దారిన నడిచినవాడే. ట్రినిటీలో ఒక ఏడాది ఆడి మేరీలాండ్‌కు మారి, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరాడు. 2015 మార్చిలో వాల్పరైజో మీద ఆట చివరి క్షణాల్లో ప్రత్యర్థిని షాట్ వేయనీయకుండా అడ్డుకుని మేరీలాండ్ గెలుపు నిలబెట్టాడు.

అప్పట్లో ఇవి అరుదైన సంగతులు. 2020–21లో కోవిడ్ వల్ల నెస్కాక్, యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్ సీజన్లనే రద్దు చేశాయి. ఆటగాళ్లకు ఒక ఏడాది అర్హత మిగిలింది. నెస్కాక్ కాలేజీల్లో ఎక్కువచోట్ల పీజీ కోర్సులు లేవు. పట్టా పుచ్చుకున్న మంచి ఆటగాళ్లు ఆ మిగిలిన ఏడాదిని మొదటి డివిజన్‌లో ఆడుకున్నారు. ఆ దారి అప్పటినుంచి తెరిచే ఉంది. పెద్ద విశ్వవిద్యాలయాలు ఇప్పుడు 22 ఏళ్ల నిలకడైన షూటర్ కోసం కిందికి చూస్తున్నాయి. పైనుంచి కిందికీ రాకపోకలున్నాయి. ఆటగాళ్లకు చెల్లింపుల మీద ఎన్‌సీఏఏపై నడిచిన ‘హౌస్’ కేసులో 2025 జూన్‌లో ఆమోదం పొందిన పరిష్కారంతో, దాన్ని అమలు చేసే మొదటి డివిజన్ పురుషుల జట్లు 15 మందికి పరిమితమయ్యాయి. అక్కడ చోటు దొరకనివాళ్లు రెండో డివిజన్‌కు, అక్కడ ఇరుకైనవాళ్లు మూడో డివిజన్‌కు వస్తున్నారు. హైస్కూలు నుంచి నేరుగా వచ్చే పిల్లవాడికి దీనివల్ల తలుపులు కొంత మూసుకున్నా, చదువుకు గట్టి ప్రమాణాలున్న కాలేజీలు బయటినుంచి వచ్చేవాళ్లను ఎక్కువగా తీసుకోలేవు. కాబట్టి నెస్కాక్ వంటి లీగులు నష్టపోయేది ఎక్కువ, లాభపడేది తక్కువ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల లీగులకు రెండు వైపులా దారి ఉంది. రాబోయే సీజన్లలో ఈ తేడా లీగుల బలాబలాల్లో కనిపించడం ఖాయమని నా అంచనా.

మూతపడుతున్న కాలేజీలు

అమెరికాలో జననాలు 2007లో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఆనాటి పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చారు. ఇకమీదట ఏటా తక్కువమంది వస్తారు. చిన్న కాలేజీలకు ఇది ప్రాణసంకటం. మిషిగన్‌లో ఫిన్లాండియా 2023లో, న్యూయార్క్‌లో వెల్స్ 2024లో మూతపడ్డాయి. బర్మింగ్‌హామ్-సదరన్ 2024 మే 31న మూతపడ్డ రోజు దాని బేస్‌బాల్ జట్టు జాతీయ పోటీల్లో ఆడుతోంది.

బాస్కెట్‌బాల్‌లో ఈ దెబ్బకు గుర్తు కాబ్రిని. ఫిలడెల్ఫియా శివార్లలోని ఈ కాలేజీ 2012లో జాతీయ ఫైనల్‌కు వెళ్లి వైట్‌వాటర్ చేతిలో 63–60తో ఓడింది. పన్నెండేళ్ల తర్వాత, 2024లో కాలేజీయే లేదు. క్యాంపస్‌ను పొరుగునున్న విలనోవా తీసుకుంది. కాన్ఫరెన్స్‌కు నేరు ప్రవేశం దక్కాలంటే నిర్ణీత సంఖ్యలో సభ్యులుండాలి. ఒకటి మూతపడితే మిగతావి విలీనానికి పరుగెత్తాలి. కాబ్రిని ఆ ఫైనల్ ఏడాది ఆడిన కలోనియల్ స్టేట్స్ కాన్ఫరెన్స్ 2023లో యునైటెడ్ ఈస్ట్‌తో కలిసిపోయింది. ఇప్పుడు క్యాంపస్ చూడడానికి వచ్చే తల్లిదండ్రులు కోచ్‌ను జట్టు గురించి అడిగినట్టే కాలేజీ నిధుల గురించీ, ఏటా ఎంతమంది చేరుతున్నారన్నదాని గురించీ అడుగుతున్నారు. అడిగి తీరాలి. నాలుగేళ్ల కోసం చేరుతున్న పిల్లవాడికి ఆ కాలేజీ నాలుగేళ్లు ఉంటుందో లేదో తెలియాల్సిన అవసరం, ప్రారంభ ఐదుగురిలో చోటెప్పుడన్న ప్రశ్నకన్నా ముందుంది.